చౌధురి వెళ్లిపోకపోయి ఉంటే

(కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి నాడు భివండి పద్మనగర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం)



బాపూజీ పేరు మీద మాట్లాడమన్నప్పుడు నేను చేనేత సహకార సంఘాల గురించి చెబుతానని పెద్దలు అనుకున్నారు. నేనూ అదే అనుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. మధ్యలో ఒక మాట విన్నాను. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ కాగితాలు పక్కన పెట్టేశాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మనవాళ్ల బిస్సీలో, అంటే కూలీల మెస్సులో, అన్నం తింటున్నాను. కరెంటు పోయింది. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఒక్కసారిగా ఆగితే ఈ ఊళ్లో చెవులు ఎట్లా గింగురుమంటాయో మీకు తెలుసు. నూలు ధర, బిల్లులు, గుంతల రోడ్డు, చేతిలో పైసా ఆడకపోవడం, అన్నీ మాటల్లోకి వచ్చాయి. ఎదురుగా కూర్చున్న ముప్ఫై ఏళ్ల తమ్ముడు పళ్లెం పక్కకు జరిపి అన్నాడు: "గిట్ల కాదు సార్. ఒక మిలిటరీ ఆయనను తెచ్చి కూసోబెట్టాలె. ఆర్నెల్లు సాలు, అన్నీ సక్కగైతయి." పక్క బల్ల మీదున్న మోమిన్ పెద్దాయన తల ఊపి "సహీ బాత్" అన్నాడు. వేరే విషయాల్లో ఆ ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు.

నేను అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఆ తమ్ముడి కోపం నిజమైనది. పన్నెండు గంటలు నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ కోపం రాకపోతే ఎవరికి వస్తుంది? కానీ తమ్ముడూ, నువ్వు కోరుకున్నది మనకు కొత్త కాదు. మీ తాతా మా తాతా బతికింది సరిగ్గా అట్లాంటి మనిషి ఏలుబడిలోనే. ఆర్నెల్లు కూడా కాదు, పదిహేను నెలలు. ఈ దేశంలో ఒక సైనికాధికారి కోటిన్నరకు పైగా జనాన్ని అంతకాలం గవర్నరు పేరుతో పాలించిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. అందుకే ఇవాళ నా ప్రశ్న ఇది: 1949 డిసెంబర్ ఆఖరున జనరల్ చౌధురి హైదరాబాద్ వదిలి వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేది?

జరగని చరిత్ర గురించి మాట్లాడటం చదువుకున్నవాళ్ల పనిలేని పని అని కొందరంటారు. నేను ఒప్పుకోను. జరగని దాన్ని ఊహిస్తే తప్ప, జరిగినదాన్ని ఏది నిలబెట్టిందో తెలియదు.

ముందు ఆ మనిషి ఎవరో చెప్పాలి. జయంతో నాథ్ చౌధురి 1908లో పుట్టారు. బెంగాల్‌లోని పాబ్నా జిల్లా జమీందారీ కుటుంబం. తల్లి తరఫు తాత డబ్ల్యూ.సి. బొనర్జీ, అంటే 1885లో కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు. ఇంట్లో బారిస్టర్లు, రచయితలు. ఈయన మాత్రం ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు వెళ్లి, గుర్రపు దళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడారు. మీసాలను బట్టి తోటి అధికారులు 'ముచ్చు' అని పిలిచేవారు. మాటకారి, చదువరి. సైన్యాధిపతిగా ఉన్న రోజుల్లోనే పేరు పెట్టకుండా ఒక ఇంగ్లీషు దినపత్రికకు సైనిక వ్యవహారాల మీద రాసేవారని తర్వాత బయటపడి దుమారం రేగింది. 1965 యుద్ధం గురించి ఆయన మీద పడ్డ నిందలు ఇంకా పెద్దవి. పశ్చిమ కమాండ్‌ను నడిపిన హర్‌బక్ష్ సింగ్, బియాస్ నది వెనక్కి తగ్గుదామని చౌధురి తనతో అన్నారని రాసిపెట్టారు. మందుగుండు అయిపోవచ్చిందని ప్రధానికి చెప్పారనీ, తర్వాత లెక్క చూస్తే ఖర్చయింది కొద్ది భాగమేననీ మరో ఆరోపణ. ఈ వాదాలు సైనిక చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు, నేను తెంచలేను. మనకు కావలసింది 1948.

నిజాం హైదరాబాద్‌ను భారత్‌లో కలపడానికి జరిగిన 'పోలీసు చర్య'లో, సెప్టెంబర్ 13 తెల్లవారుజామున ఆయన నడిపిన ఒకటో సాయుధ డివిజన్ షోలాపూర్ వైపు నుంచి బయలుదేరింది. ఆ పేరు విన్నప్పుడు మన ఇళ్లలో మరోటి గుర్తుకొస్తుంది. మన పద్మశాలీలు తెలంగాణ ఊళ్లు వదిలి బతుకు వెతుక్కుంటూ మగ్గాల కోసం వెళ్లిన మొదటి పెద్ద ఊళ్లలో షోలాపూర్ ఒకటి. అక్కణ్నించి బొంబాయి మిల్లులు, ఆ తర్వాత ఈ భివండి. మన జనం కాలినడకన, రైల్లో ఇటు వచ్చిన దారినే ట్యాంకులు అటు వెళ్లాయి. నల్దుర్గ్ దాటి, నాలుగు రోజుల్లో రాజధాని దగ్గరికి చేరాయి. 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న హైదరాబాద్ సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. ఆ రోజు నుంచే చౌధురి మిలిటరీ గవర్నర్.

మా నాయనమ్మ ఆ కాలాన్ని రెండుగా విభజించి చెప్పేది. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన 'రజాకార్ల గడబడ', దాని తర్వాత 'మిలిటరీ వచ్చినంక'. చౌధురి పేరు ఆమెకు తెలియదు. ఊరి బయట లారీలు ఆగడం, పొట్టి చేతుల చొక్కాల జవాన్లు బావి దగ్గర నీళ్లు అడగడం మాత్రం గుర్తు. మొదట భయపడి తలుపులు వేసుకున్నారట. రజాకార్లు పోయారని తెలిశాక తలుపులు తీశారు.

చౌధురి చేసిన మంచిని దాచకుండా చెబుతాను. 1949 ఆగస్టు 15 నుంచి జాగీర్ల రద్దు ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. వేల గ్రామాలు, తరతరాలుగా జాగీర్దార్ల చేతుల్లో ఉన్నవి, ఒక్క ఉత్తర్వుతో సర్కారు కిందకు వచ్చాయి. అదే ఏడాది మొదట్లో నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములు కూడా కలిసిపోయాయి. తర్వాత ఎన్నికైన ప్రభుత్వాలు భూమి చట్టాల మీద ఎన్నేళ్లు గింజుకున్నాయో తెలిసినవాళ్లకు, ఈ వేగం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తమ్ముడు బిస్సీలో కోరుకున్నది సరిగ్గా ఇదే. ఒకాయన సంతకం పెట్టాలి, పని అయిపోవాలి.

మనిషి కూడా మంచివాడే అంటే మీరు నమ్ముతారా? పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అనే ముగ్గుర్ని నెహ్రూ ప్రభుత్వం 1948 నవంబర్ చివర్లో హైదరాబాద్ రాజ్యానికి పంపింది. వాళ్ల నివేదిక గురించి కాసేపట్లో చెబుతాను, అది చదివితే గుండె బరువెక్కుతుంది. అంత కఠినమైన నివేదికలో కూడా చౌధురి గురించి మాత్రం మెచ్చుకోలు ఉంది. మత వివక్ష లేనివాడు, క్రమశిక్షణ గలవాడు, పెద్దమనిషి అని రాశారు. అంటే మనం కోరుకునే మిలిటరీ ఆయన ఎట్లుండాలో అచ్చం అట్లాంటివాడే దొరికాడు.

ఇప్పుడు ఊహించండి. 1949 డిసెంబర్. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ జైల్లో ఉన్నాడు. జాగీర్లు పోయాయి. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం మాత్రం ఆగలేదు. ఒక సైనికాధికారి గద్దె దిగకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. "అడవుల్లో తుపాకులున్నాయి, ఇప్పుడు ఎన్నికలేమిటి? ఇంకో రెండేళ్లు నన్ను ఉండనివ్వండి" అంటే పట్నంలో చాలామంది అవునని తల ఊపేవారు. ఊళ్లు వదిలి పారిపోయిన దేశ్‌ముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకుని సైన్యం వెంట తిరిగి వచ్చారు, వాళ్లకైతే ఆయన ఎన్నాళ్లున్నా సంతోషమే. రెండేళ్లు నాలుగవుతాయి. ఆయన చుట్టూ ఒక దర్బారు తయారవుతుంది. హైదరాబాద్‌కు దర్బారు కొత్తది కాదు కదా, నవాబు పోయి జనరల్ వచ్చాడనుకుంటారు.

ఇది గాలిలో కట్టిన మేడ కాదు. పక్క దేశంలో ఇట్లాగే మొదలైంది. 1953 మార్చిలో లాహోర్‌లో అహ్మదీయులకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగితే, ఆజం ఖాన్ అనే జనరల్ చేతికి ఊరిని అప్పగించారు. రెండు నెలల పైచిలుకు సైనిక పాలన. అల్లర్లు అణిగాయి, వీధులు శుభ్రపడ్డాయి, జనం మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు సైన్యం మరచిపోలేదు. పాలించడం మనకూ వచ్చునని తెలుసుకుంది. 1958 అక్టోబర్‌లో అయూబ్ ఖాన్ గద్దెనెక్కాడు. ఆ అయూబ్, మన చౌధురి ఇద్దరూ దాదాపు ఒకే కాలంలో శాండ్‌హర్స్ట్‌లో చదివి, 1928లో అధికారులైనవాళ్లు. ఒకే బడి, ఒకే డ్రిల్లు, ఒకే దొరల నుంచి నేర్చిన నడవడి. 1965లో యుద్ధం వచ్చినప్పుడు అటు అయూబ్ దేశాధ్యక్షుడు. ఇటు చౌధురి, లాల్ బహదూర్ శాస్త్రి గది బయట ఫైలు పట్టుకుని నిలబడే ఉద్యోగి.

ఈ తేడా ఎక్కణ్నించి వచ్చింది? మనవాళ్లది మంచి రక్తమనో, మనది గొప్ప సంస్కృతనో చెప్పేవాళ్లున్నారు. అది సోమరి జవాబు. లాహోర్‌లో ఊరిని మొత్తంగా సైన్యానికి వదిలేశారు. హైదరాబాద్‌లో వదల్లేదు. చౌధురి పేరుకు మిలిటరీ గవర్నర్ అయినా, పక్కన ముఖ్య పౌర పాలనాధికారిగా డి.ఎస్. బఖ్లే అనే ఐసీఎస్ అధికారిని కూర్చోబెట్టారు. సలహా బృందంలో జైన్ యార్ జంగ్ వంటి హైదరాబాదీ పెద్దలున్నారు. పైన సర్దార్ పటేల్, రాజ్యాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్ కాగితాలు చూసేవారు. గడువు తీరగానే, 1950 జనవరి 26న, వెల్లోడి అనే పౌర అధికారి ముఖ్యమంత్రి అయ్యాడు. చౌధురి మళ్లీ బ్యారక్‌కు వెళ్లాడు. ఢిల్లీలో కూడా అదే జాగ్రత్త. బ్రిటిష్ సర్వసేనాని ఉండిన పెద్ద భవనాన్ని ఖాళీ చేయించి నెహ్రూ అందులో కాపురం పెట్టాడు, దాన్నే మనం తీన్ మూర్తి అంటాం. 1955లో సర్వసేనాని అనే హోదానే తీసేసి, మూడు దళాలకు ముగ్గురు అధిపతుల్ని సమానంగా నిలబెట్టారు. పదవి దిగిన సైన్యాధిపతుల్ని దూరదేశాలకు దూతలుగా పంపడం కూడా ఆనవాయితీ అయింది. కరియప్ప ఆస్ట్రేలియా వెళ్లాడు, థాపర్ అఫ్గానిస్తాన్, చౌధురి 1966లో కెనడా. శ్రీనాగేశ్ అనే మరో సైన్యాధిపతి 1962లో మన ఆంధ్రప్రదేశ్‌కే గవర్నరుగా వచ్చాడు. ఆయన తండ్రి నిజాం దగ్గర వైద్యుడు. చౌధురి పాలించిన ఊరికే ఆయనా వచ్చాడు. కానీ రాజ్‌భవన్ తోట తప్ప ఆయన సంతకంతో కదిలేది ఏమీ లేదు.

1964 మే 27న నెహ్రూ పోయినప్పుడు ఒక చిన్న కలకలం జరిగింది. అప్పటికి చౌధురి సైన్యాధిపతి. ఢిల్లీకి అదనపు బలగాల్ని రప్పించాడు. నాయకుడు పోయాడు, వారసుడు తేలలేదు, రోడ్ల మీద సైన్యం కనిపిస్తోంది. ఢిల్లీలో గుసగుసలు మొదలయ్యాయి. అంత్యక్రియలకు వచ్చే జనాన్ని అదుపు చేయడానికేనని ఆయన వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వివరణ తీసుకున్న రక్షణ మంత్రి యశ్వంత్‌రావ్ చవాన్, మన మహారాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి. చౌధురి మనసులో చెడు ఉందని నేను అనుకోను. అయినా నాకు ముఖ్యంగా తోచేది వేరే. ఒక జనరల్‌ను పిలిచి, "ఈ దళాలెందుకు వచ్చాయి?" అని అడిగే హక్కున్న మనిషి ఒకడు దేశంలో ఉన్నాడు. అట్లాంటి ప్రశ్నలు చౌధురికి కొత్త కాదు. హైదరాబాద్‌లో పదిహేను నెలలు ఆయన వాటికి జవాబు చెబుతూ బతికాడు.

ఇంకో ఊహ నాకు ఎక్కువ ఇష్టం. 1966లో ఆయన కెనడా వద్దని, హైదరాబాద్ వచ్చి 1967 ఎన్నికల్లో నిలబడి ఉంటే? పెద్ద పేరు, 'విముక్తి తెచ్చిన జనరల్' అన్న కీర్తి. గెలిచేవాడేమో కూడా. కానీ రెండేళ్లలో 1969 వచ్చేది. తెలంగాణ ఉద్యోగాలు తెలంగాణ వాళ్లకే అని కాలేజీ పిల్లలు రోడ్డెక్కినప్పుడు, ఆ మంట తొలిసారి ఎక్కడ రాజుకుందని ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి చూసేవారు. మిలిటరీ పాలనలో బయటి రాష్ట్రాల నుంచి అధికారుల్ని, ఉద్యోగుల్ని తెచ్చి నింపారు. ఆ కోపమే 1952 సెప్టెంబర్‌లో ముల్కీ, అంటే స్థానికుల, గొడవై, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా వెళ్లింది. అంటే చౌధురి తన పాలనకే జవాబు చెప్పవలసిన బోనులో నిలబడేవాడు. ఆ 1969లోనే మన బాపూజీ తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశాడు. ఒకే పట్నంలో, ఒకే ఏడాది, ఒకరు జనరల్ పేరు మీద ఓటు అడుగుతూ, మరొకరు పదవి వదిలేసి వీధిలో నడుస్తూ. ఈ ఇద్దరి సభలు పక్కపక్కన జరిగి ఉంటే జనం ఎటు పోయేవారో నాకు సందేహం లేదు. 1971లో తెలంగాణ ప్రజా సమితికి పది లోక్‌సభ స్థానాలు ఇచ్చి వాళ్లే చెప్పారు. అదే 1971 ఎన్నికల్లో ఇక్కడ, మన బొంబాయిలో, కరియప్ప నిలబడ్డాడు. స్వతంత్ర భారతానికి మొదటి భారతీయ సర్వసేనాని. 1965 యుద్ధంలో పాకిస్తాన్‌కు పట్టుబడిన తన కొడుకును ప్రత్యేకంగా విడిపిస్తానని అయూబ్ కబురు పెడితే, ఖైదీలందరూ నా కొడుకులే, ఒక్కడికి మినహాయింపు వద్దన్న మనిషి. అట్లాంటి మనిషి కూడా ఓడిపోయాడు. జనం ఆయన్ను గౌరవించారు, ఓటు మాత్రం వేరేవాళ్లకు వేశారు.

ఇక ఆ నివేదిక.

సుందర్‌లాల్ బృందం నెల దాకా తిరిగింది. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటికి వెళ్లింది. పోలీసు చర్య జరుగుతుండగా, ఆ తర్వాత, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని వాళ్ల అంచనా. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాలు అబద్ధం కాదు, మా ఊళ్లోనూ జరిగాయి. అయితే వాటికి ఈ చావులు జవాబు కావు. ఎవరో పట్నం రజాకారు చేసిన పాపానికి ఊళ్లో దూదేకుల కుటుంబం చచ్చింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలో పాలుపంచుకున్నారని నివేదిక రాసింది. ఆ కాగితాన్ని ప్రభుత్వం దశాబ్దాల పాటు అచ్చు వేయలేదు.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో శాసనసభ ఉండి ఉంటే, ప్రతిపక్షం వాడొకడు లేచి, "ఉస్మానాబాద్‌లో ఎంతమంది పోయారు?" అని అడిగేవాడు. జవాబు రాకపోయినా ప్రశ్న రికార్డులో మిగిలేది. లేదు కాబట్టి మిగల్లేదు. మంచివాడైన జనరల్ పైన ఉన్నాడు. కింద కత్తులు తిరిగాయి. ఆయనకు కింది నుంచి వచ్చే వార్త కూడా ఆయన అధికారులు రాసిందే. సాంచ ముందు నిలబడే మీకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. పేక తెగితే సాంచ తనంతట తాను ఆగుతుంది, దానికి ఫోర్కు ఉంది. పడుగు పోగు తెగితే మాత్రం మన పాత సాంచాలకు తెలియదు. నాడె అట్లనే ఆడుతుంది, గుడ్డ అట్లనే వస్తుంది, తాను పొడుగునా గీత పడుతుంది. మనిషి చూసి ఆపాలి. పదిహేను నెలల పాలన చాలా వేగంగా నేసింది. పైన ఢిల్లీ కాగితాలు చూసింది గానీ, కింద ఊళ్లో చూసి ఆపే మనిషిని ఎవరూ సాంచ దగ్గర నిలబెట్టలేదు.

ఆ నివేదికలో మరో సంగతి ఉంది, ఈ ఊరివాళ్లకు చెప్పకుండా నేను ఇక్కణ్నించి దిగలేను. చాలాచోట్ల హిందువులు తమ ముస్లిం పొరుగువాళ్లను ప్రాణాలకు తెగించి కాపాడారని వాళ్లు రాశారు. ఒకే పని చేసేవాళ్ల మధ్య ఆ అనుబంధం మరీ స్పష్టంగా కనిపించిందట. దానికి వాళ్లిచ్చిన ఉదాహరణ నేతపనివాళ్లు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడ్డారు. అట్లా నిలబడి కొందరు చచ్చిపోయారు. వాళ్ల పేర్లు నివేదికలో లేవు. మన కులం పుస్తకాల్లో లేవు. నేను వెతికినంత మేరకు ఏ రాతి మీదా లేవు. వాళ్లకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. పక్క గుంటలో కూర్చుని నేసేవాడి మొహం తెలుసు, అంతే.

ఇక్కడ, 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు మీద మొదలైన గొడవలో ఇదే భివండి తగలబడింది. ఈ సభలో ఆ రోజు చూసినవాళ్లున్నారు, నేను వివరించనక్కరలేదు. తేడా ఒకటి మాత్రం చూడండి. దాని మీద జస్టిస్ డి.పి. మాదన్ కమిషన్ వేశారు. బహిరంగ విచారణ జరిగింది. సాక్షుల్ని వకీళ్లు నిలదీశారు. పోలీసులు పక్షపాతం చూపారని ఆ జడ్జి రాశాడు, ఆ నివేదిక అచ్చయింది. చేయవలసిన చర్య చాలా చేయలేదు, నాకు ఇప్పటికీ ఆ కోపం ఉంది. అయినా ఆ పుస్తకం ఉంది. 1984లో ఊరు మళ్లీ కాలింది. ఆ తర్వాత 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి ఇక్కడికి డీసీపీగా వచ్చాడు. ఆయనా యూనిఫాం మనిషే. లాఠీ ఝళిపించి ఊరిని సరిచేస్తాడని ఎదురుచూసినవాళ్లుంటారు. ఆయన వాడవాడనా మొహల్లా కమిటీలు పెట్టాడు. సాంచ యజమాని, కూలీ, మౌల్వీ, కూరగాయలమ్మే ఆడమనిషి, అందర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టి, పోలీసులు చేసే పనిని వాళ్లకు వివరించాడు. వాళ్లు అడిగితే జవాబు చెప్పాడు. 1992 డిసెంబర్‌లో, 1993 జనవరిలో బొంబాయి మండినప్పుడు, అందరూ భయపడిన భివండి కదల్లేదు. తమ్ముడూ, బిస్సీలో నువ్వు కోరుకున్న మిలిటరీ ఆయన ఈ ఊళ్లో నీకు ముందే దొరికాడు. ఆయన చేసిన పని నువ్వనుకున్నది కాదు, అంతే.

బాపూజీ గురించి ఒక్క మాట. 1947లో నిజాం కారు మీద బాంబు విసిరిన కేసులో పోలీసులు వెతికిన మనిషి ఆయన. చేతికి తుపాకీ దొరికితే పట్టుకోవడానికి సంకోచించే రకం కాదు. అట్లాంటివాడు నల్లకోటు వేసుకుని, చాకలి ఐలమ్మ వంటివాళ్ల తరఫున కోర్టు మెట్లెక్కాడు. నేతగాళ్ల సంఘాలు పెట్టించి, లెక్కల పుస్తకం అందరి ముందు తెరవాలన్నాడు. 1952లో ఆసిఫాబాద్ నుంచి నిలబడి గెలిచాడు.

ఆ 1952 ఎన్నికతో ముగిస్తాను. చౌధురి వెళ్లిపోకపోయి ఉంటే జరగకుండా పోయేది అదే. వయోజనులందరికీ ఓటు, నిజాం రాజ్యంలో మొదటిసారి. అంతకు మూడు నెలల ముందు, 1951 అక్టోబర్‌లో, కమ్యూనిస్టులు సాయుధ పోరాటం ఆపేశారు. సైన్యం అడవుల్లో వెతికిన వాళ్ల నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడి మూడు లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. దేశంలో నెహ్రూ కన్నా ఎక్కువ.

మాది నల్లగొండ జిల్లానే. అప్పుడు బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేయడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు. కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్లి, కావలసిన డబ్బాలో వేయాలి. మా నాయనమ్మకు చదువు రాదు. అప్పటిదాకా ఆమెను ఏమీ అడగని ప్రపంచం, మొదటిసారి ఒక కాగితం చేతిలో పెట్టి లోపలికి పంపింది. లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదట. బయట వరస పెరుగుతోంది. ఎండ. పోలింగ్ అధికారి తెర బయట నుంచి పిలిచాడు, "అయిందా అమ్మా?"

"జర ఆగు బిడ్డా," అందట లోపలి నుంచి. "ఇంకా సూస్తున్న."